పంటు మీద ఒంటరిగా కనిపించిన కుర్రాడిని అలా వదిలేసి రావచ్చా?

మొన్న శనివారం చీకటి పడ్డాక నరసాపురం మాధవాయిపాలెం రేవులో సఖినేటిపల్లి పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కాను. బళ్ల మధ్య, రెయిలింగు పక్కన ఒక కుర్రాడు, 14, 15 ఏళ్లుంటాయేమో. పైన ఏదో టీషర్టు, కింద స్కూలు ప్యాంటు, బ్యాగు ముందుకి తగిలించుకుని చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు. ఊరుకోలేక "ఎవరబ్బాయివి బాబూ?" అన్నాను. "అంతర్వేది అండి, మా పిన్ని గారింటికి" అన్నాడు. నేనడిగింది అది కాదు. అవతలి రేవు దగ్గర పడుతుండగా తనే వచ్చి "అంతర్వేది బస్సులు ఎక్కడ ఆగుతాయండి?" అన్నాడు. పిన్ని ఇల్లు ఉన్నవాడికి ఆ మాత్రం తెలియదా? అదీ నాకు రాత్రి కంచం ముందు కూర్చున్నాక తట్టింది. అప్పుడు మాత్రం దారి చెప్పేసి బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. ఒకటే టెన్షన్, పేపరు రాగానే జిల్లా పేజీయే చూస్తున్నాను. ముక్కూమొహం తెలియని పిల్లాడి విషయంలో మన బాధ్యత ఎంతవరకు అంటారు?

కొబ్బరితోట: మీరేం తప్పు చెయ్యలేదండి. రోజులు బాలేవు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ మెసేజ్‌లు నమ్మి జనం అమాయకుల్ని కొట్టారు, గుర్తుందా? మా కాలవగట్టు మీద సిగరెట్లు కాలుస్తున్న కుర్రాళ్లని ఒకసారి మందలిస్తే, సాయంత్రానికి వాళ్ల నాన్న మా ఇంటి మీదకొచ్చాడు, నా కొడుకుని నలుగురిలో అంటావా అని. అప్పట్నుంచి తల తిప్పుకుని పోతున్నాను.

గట్టుమీద: సిగరెట్టు గొడవ వేరు, ఇది వేరండి. ఎవరూ లేకుండా తప్పిపోయినట్టు కనిపించిన 18 ఏళ్లలోపు పిల్లల్ని మన దగ్గర ఉంచుకున్నా, ఎవరైనా మనకి అప్పగించినా 24 గంటల్లోపు చెప్పాలని 2015 బాల న్యాయ చట్టంలోనే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పొచ్చు, పోలీసులకైనా చెప్పొచ్చు. మనమేం ఇంటికి తీసుకెళ్లక్కర్లేదు, అసలు బండే ఎక్కించుకోవద్దు. ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఏ టీ కొట్టు దగ్గరో నలుగురి మధ్య ఉంచండి. పిన్ని నిజంగానే ఉంటే మనకి పోయేదేముంది, ఒక అరగంట.

వశిష్ఠ ఒడ్డు: నేను 16 ఏళ్లప్పుడు ఇంటర్ హాస్టల్ నుంచి పారిపోయి రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో కూర్చున్నదాన్ని. ఎవరమ్మాయివి, ఎందుకొచ్చావు అని అడిగినవాళ్లు చాలామందే. ఒకళ్లకి చెప్పిన అబద్ధం ఇంకొకళ్లకి చెప్పకుండా అందర్నీ పంపించేశాను. జామకాయలమ్మే ఒక మామ్మ మాత్రం ఏమీ అడక్కుండా బుట్ట నా పక్కన పెట్టి "కాస్త చూస్తుండమ్మా, మంచినీళ్లు తాగొస్తాను" అని వెళ్లిపోయింది. ఇంక ఆ బుట్ట వదిలి ఎక్కడికి కదలను? ఆవిడ వచ్చి, కోసి ఉప్పూకారం అద్దిన కాయ చేతిలో పెట్టి "మీ అమ్మ ఈపాటికి అన్నం తినుంటుందా?" అంది, అంతే, ఏడుపు ఆగలేదు. రూపాయి ఫోను దగ్గరికి ఆవిడే తీసుకెళ్లింది, రూపాయి కూడా ఆవిడదే. మీరు అడగడం తప్పు కాదండి. అడిగి, జవాబు వినకుండానే బండి తీశారు చూడండి, అదే.

అడిగినవాణ్ణి: మీ మాట గుచ్చుకుందండి, నిజమే. ఇవాళ పొద్దున్న రేవులో టికెట్లిచ్చే అతన్ని అడిగితే "రోజుకి ఎంతమంది కుర్రాళ్లు దిగుతారండీ" అని నవ్వాడు. ఆలస్యమైనా సరే అని 1098కి చేశాను. ఓపిగ్గా అన్నీ రాసుకున్నారు. టీషర్టు రంగేమిటని అడిగారు. చిల్లర లెక్కపెట్టిన చెయ్యి కళ్లకు కట్టినట్టు ఉంది గానీ, రంగు ఎంతకీ గుర్తు రాలేదు.