‘నరకప్రాయంబు’ అనాలా, ‘నరకతుల్యంబు’ అనాలా?

టొరంటో నుంచి: మొన్న కెనడా పౌరసత్వ ప్రమాణం చేశాను. ‘కెనడా రాజు మూడో చార్లెస్‌కూ ఆయన వారసులకూ విధేయంగా ఉంటాను’ అంటుంటే లోపల ధూర్జటి పద్యం మెదిలింది. ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరక...’ ఆ పైన తుల్యంబా, ప్రాయంబా? పైగా, ఈ విధేయత ఆయన చెప్పిన ‘సేవ’ కిందికి వస్తుందా?

తెనాలి నుంచి: ప్రాయంబే. శార్దూలం కదా, ‘క’ గురువు కావాలి. పక్కన ‘ప్రా’ ఉంటేనే అవుతుంది. ‘తుల్యంబు’ పెడితే గణమూ పోతుంది, ‘రా’తో యతీ పోతుంది.

హన్మకొండ నుంచి: ఛందస్సు సరే మాస్టారూ, అర్థం చూడండి. తుల్యం సరిసమానం, ప్రాయం ఇంచుమించు. రాయల కొలువు చూసిన కవి ఒక మెట్టు తగ్గించాడని నా నమ్మకం.

తెనాలి నుంచి: రాజులిచ్చేవన్నీ ‘ఆత్మవ్యథాబీజంబుల్’, అంటే మనోవేదనకు విత్తనాలు, అన్నవాడు తగ్గిస్తాడా? ఒప్పుకోను.

మెల్‌బోర్న్ నుంచి: మా ఆస్ట్రేలియా ప్రమాణంలో 1994 నుంచి రాణి పేరూ లేదు, రాజు పేరూ లేదు. దేశానికీ ప్రజలకీ మాట ఇస్తాం, అంతే. రాజు నాణేల మీద ఉంటాడు. ఉత్సవ విగ్రహం అనే మాట సరిపోతుంది.

టొరంటో నుంచి: ఇక్కడ క్రిమినల్ కేసు నడిచేది రాజు పేరు మీద. ఊరు దాటి ఉత్తరానికి వెళ్తే అడవంతా క్రౌన్ ల్యాండ్, అంటే రాజు పేరిట ఉన్న సర్కారు భూమి. విగ్రహం అని వదిలేయలేకపోతున్నానండీ.

హన్మకొండ నుంచి: ఉత్సవ విగ్రహాన్ని తక్కువ చేస్తున్నాం. గుడిలోకి రాలేనివాళ్ల దగ్గరికి వెళ్లేది అదే. లండన్‌లో ఉన్నాయన మూలవిరాట్టు. ఆయన ప్రతినిధిగా అక్కడ బిల్లులకు ఆమోదం తెలిపే గవర్నర్ జనరల్ ఉత్సవమూర్తి.

టొరంటో నుంచి: 2025 మేలో రాజే ఒట్టావా వచ్చి పార్లమెంటు సమావేశాలను ప్రారంభించే సింహాసన ప్రసంగం చదివారు. 1977లో రాణి చదివాక మళ్లీ అదే.

తెనాలి నుంచి: మూలవిరాట్టు కదలదు. మీ పోలిక అక్కడే చెడింది. అసలు చిక్కు ‘మత్తులు’ దగ్గర ఉంది. మంత్రులు చెప్పినట్టు సంతకం జరిగేచోట రాజుకి అధికార మదం ఎక్కడిది?

మెల్‌బోర్న్ నుంచి: 2014లో మీ ఒంటారియో రాష్ట్ర అప్పీలు కోర్టు కెనడా ప్రమాణం మనిషికి కాదు, పాలనా విధానానికి అంది. అప్పుడది సేవ కాదు కదా.

హన్మకొండ నుంచి: ‘వారి సేవ’లో ‘వారి’ ఎవరో తేలందే ఎలా? అన్నట్టు, అదే పద్యంలో ‘చతురంతయానం’ అంటే పల్లకీ. చాలామంది రథం అనుకుంటారు.

తెనాలి నుంచి: నలుగురు మోసేది కాబట్టి పల్లకీ అంటారా, నాలుగు కొసలున్నది కాబట్టా?