చందమామని వెండి పళ్ళెం అనకుండా ఎలా చెప్పాలి?

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం, డిగ్రీ సెకండియర్. కాలేజీ మేగజైన్‌కి కవిత రాస్తన్నాను. పోయిన పున్నమికి కళింగపట్నం బీచికెళ్తే సముద్రంలోంచి చంద్రుడు లేవడం చూసాను, ఆ రాత్రి నిద్దర పట్టలేదు, రాయాలనిపించింది. తీరా కూర్చుంటే వెండి పళ్ళెం, పాలగిన్నె, అమ్మాయి మొహం, ఇవే వస్తన్నాయి. నేను చూసింది అసలు తెల్లగానే లేదండి, ఎర్రగా, కింద కొంచెం నొక్కేసినట్టుంది. ఉపమ వాడాలా రూపకమా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

తెలుగు మేస్టారు, విజయనగరం:
బాబూ, నువ్వు చూసిందే రాయి. అంచున ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలి దాటుకుని రావాలి, నీలం దార్లోనే చెదిరిపోయి ఎరుపు మిగుల్తాది, ఆ గాలే వెలుగుని వంచబట్టి నొక్కినట్టు కనబడతాది. ఇప్పుడు ఉపమలో నాలుగుంటాయి కదా, ఉపమేయం అంటే నువ్వు చెప్పే వస్తువు, ఉపమానం అంటే దేనితో పోలుస్తావో అది, ఉపమావాచకం అంటే 'లాగా' లాంటి మాట, సమానధర్మం అంటే రెండిటికీ ఉన్న గుణం. అందరూ ఉపమానం కోసం వెతుక్కుంటారు, నువ్వు సమానధర్మం దగ్గర మొదలెట్టు. వెండి పళ్ళేనికి తెలుపు, గుండ్రం. నీకు ఎరుపు, నొక్కు. ఈ రెండూ ఉన్న వస్తువు మీ ఇంట్లో ఏటుంది?

ఉద్దానం అప్ప:
తమ్ముడూ, తిథి కూడా చూసుకో. పున్నమికి రెండ్రోజుల ముందు సాయంత్రం ఎండుండగానే తూర్పున పాలిపోయి ఉంటాడు చూడు, అది నాకు అచ్చం అప్పుడే ఒలిచిన ముంజే, లోపల నీళ్ళున్న చోట నీడ పడినట్టు ఆ మచ్చలు కూడాను. విదియ నాడైతే పడమట సన్నగా కొబ్బరి చెక్క. పున్నమి పోలిక తెచ్చి విదియకి పెడితే అతకదు.

తెప్ప మీద:
మాది మత్స్యకారుల ఊరు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. వెన్నెల్లో వల చేపకి కనబడిపోద్దని మా నాన్న అనీవోడు, అందుకే నిండు చంద్రుణ్ణి చూస్తే మా అమ్మకి అందం గుర్తు రాదు, ఖాళీ బుట్ట గుర్తొస్తాది. నీ కవితలో ఎవరు చూస్తన్నారో అది ముందు తేల్చుకో బ్రదర్, పోలిక దాన్ని బట్టే మారిపోద్ది.

నాగావళి గట్టు:
అందరికీ చాలా చాలా థాంక్స్. మేస్టారూ, మా నానమ్మ నీళ్ళు తాగే రాగి చెంబుంది, కింద పడి ఓ పక్క సొట్ట, చింతపండేసి తోమితే మెరిసిపోద్ది. బీచిలో కూడా గంటలో ఆ ఎరుపు పోయి తళతళలాడింది కదా అనిపించి ఇలగ రాసాను:

సొట్టపడిన రాగి చెంబులాగా చంద్రుడు
అల అలా తోమి తోమి పైన పెట్టింది సముద్రం

తెలుగు మేస్టారు, విజయనగరం:
ఆ 'లాగా' తీసేయి బాబూ. చెంబే లేచింది అను. రూపకమైపోద్ది, తోమడం కూడా నిజమైపోద్ది.