అప్‌డేట్: స్టోరీలైన్‌లో ఒకే రంగు బటన్లు

ఈ-లెర్నింగ్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ స్టోరీలైన్‌లో బటన్లపై మెరుపు, నీడ లేకుండా ఒకే రంగు నిండి ఉండేలా చేయడం ఎలాగని గతవారం అడిగాను. మీరు సూచించినట్లు సిద్ధంగా ఉన్న బటన్‌ను వదిలి, మామూలు దీర్ఘచతురస్రాన్ని గీసి, సాలిడ్ ఫిల్ ఇచ్చి, అవుట్‌లైన్ తీసేశాను. తర్వాత స్టేట్స్ ప్యానెల్‌లో హోవర్ (మౌస్ పైకి వచ్చినప్పుడు), డౌన్ (నొక్కినప్పుడు), డిసేబుల్డ్ (పనిచేయనప్పుడు) స్థితులను చేర్చాను. హోవర్, డౌన్ స్థితులకు ట్రిగ్గర్లు (ఏది జరిగితే ఏం చేయాలో చెప్పే ఆదేశాలు) రాయనవసరం లేకపోవడం ఎంతో ఊరటనిచ్చింది.

అయితే అసలు కష్టం రంగు దగ్గరే ఎదురైంది. నేను ముచ్చటపడి ఎంచుకున్న నారింజపై తెల్ల అక్షరాలు, వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయిలో మామూలు పరిమాణపు అక్షరాలకు కోరే 4.5:1 (అక్షరాల, వెనక రంగుల వెలుగు నిష్పత్తి) కాంట్రాస్ట్‌ను అందుకోలేదు కనుక, ముదురు నీలానికి మారాను. నీడ లేనందున ఇది నొక్కదగినదని తెలియజేసే భారమంతా రంగుపైనా, మాటపైనా పడుతుంది. అందుకే “తరువాత” అన్న మాటను “తరువాతి పాఠానికి వెళ్లండి” అని మార్చాను.