సమస్య: ‘దొంగ నింట నిలిపి దొరయె వెదకె’

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగవ పాదం. 2008 నుండి 2013 వరకు ప్రసారమైన అమెరికా ధారావాహిక ‘బ్రేకింగ్ బ్యాడ్’లో అల్బుకర్కీ నగరపు మాదకద్రవ్య నిరోధక సంస్థ (డీఈఏ) అధికారి హాంక్ ష్రేడర్‌కు అన్వయించి పూరించగలరు. ‘హైజెన్‌బర్గ్’ అనే మారుపేరుతో నీలిరంగు మాదకద్రవ్యం తయారుచేస్తున్నవాడని ఆయన వెదుకుతున్నది తన భార్య తోబుట్టువు భర్తయైన వాల్టర్ వైట్‌నే. ఆంగ్లంలో బావకూ మరిదికీ తోడల్లునికీ ఒకటే మాట; మనకు షడ్డకుడనే పదం విడిగా ఉన్నది కనుక పూరకులకు కొంత వెసులుబాటు.

మొదటి పూరణ:
షడ్డకుండె దొంగ, సందియం బించుక
లేక బంతిఁ గుడిచి లేచి కదలి
యూరునెల్లఁ దిరిగి యొక్కచోఁ గనలేక
దొంగ నింట నిలిపి దొరయె వెదకె.

విమర్శ: ధార బాగున్నది. ‘బంతిఁ గుడిచి లేచి’ అనడంలో ఆ రెండు కుటుంబాల విందులన్నీ కళ్ళకు కట్టాయి. అయితే వాల్టర్ ఏనాడూ హాంక్ ఇంట కాపురముండలేదు కనుక, ‘ఇంట నిలుపుట’ను బంధువుగా చేరదీయుట అనే లక్ష్యార్థంలోనే తీసుకోవలసి వస్తుంది.

రెండవ పూరణ:
కుర్చి పెద్దదాయె, గుట్టు తెలియదాయెఁ
జేతివ్రాత యొకటి చెప్పుదాఁక;
నీలిరంగు సరకు నెవఁ డమ్ము నంచును
దొంగ నింట నిలిపి దొరయె వెదకె.

విమర్శ: ‘చేతివ్రాత’లో ‘తి’ గురువు కాదా అని ఒక సభ్యురాలు అడిగారు. కాదు, తెలుగు మాటల్లో ‘వ్రా’ తేలికగా పలుకుతుంది కనుక దాని ముందరి అక్షరం లఘువుగానే నిలుస్తుంది. భావానికి వస్తే, హాంక్ పదోన్నతి పొంది కార్యాలయాధిపతియైన తరువాతనే, వాల్టర్ ఇంటి స్నానాలగదిలో అమెరికా కవి విట్మన్ కవితాసంపుటి తెరచి, వాల్టర్ సహాయకుడైన గేల్ ‘డబ్ల్యూ. డబ్ల్యూ.’ అన్న పొడి అక్షరాలతో తన చేత్తో వ్రాసిన అంకితవాక్యం చదివి నిశ్చేష్టుడవుతాడు. పెద్ద కుర్చీకి కనబడనిది ఒక పొడి అక్షరాల జంటకు దొరికిందన్న మాట, మొదటి రెండు పాదాల్లోనే అందంగా ఒదిగింది.

మూడవ పూరణ:
తనిఖి సేయు దళపు నాయకుఁ డయ్యును
చేఁపఁ గాల్చి నవ్వెఁ జెలిమి తోడ;
కోళ్ళ నమ్మువానిఁ గొప్పగ భావించి
దొంగ నింట నిలిపి దొరయె వెదకె.

విమర్శ: ఈ పూరకుడు హాంక్‌ను వదలి, అతని పై అధికారి మెర్కర్ట్‌ను పట్టుకున్నారు. పైకి కోడి వేపుళ్ళ అంగళ్ళ యజమాని, గుట్టుగా మాదకద్రవ్యాల వ్యాపారి అయిన గస్ ఫ్రింగ్‌ను పెరటి విందుకు పిలిచి, పక్కపక్కన నిలబడి వంట చేసుకున్నవాడు మెర్కర్ట్. ఆ స్నేహమే అతని పదవిని మింగింది, ఆ ఖాళీలోకే హాంక్ వచ్చాడు. ‘ఇంట’ అన్న మాటకు వాచ్యార్థం కుదిరినది ఇక్కడనే. కానీ మొదటి పాదంలో ‘త’కు ‘నా’ యతి చెల్లదు.

పూరకుని సవరణ: ‘తనిఖి సేయు దళపు దండనాయకుఁ డయ్యుఁ’ అని మార్చాను, ‘త’కు ‘ద’ మైత్రి కుదిరినదనుకుంటాను.

నిర్వాహకుడు: కుదిరినది. రెండవ పాదాన్ని ఇప్పుడు ‘జేఁపఁ గాల్చి’ అని సరళాదేశంతో వ్రాయండి.