మేం ఆఫీసుకు వెళ్లగానే మా స్పిట్జ్ ఒకటే అరుపులు, ఏం చేయాలి?

మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. మా మినీకి రెండేళ్లు. నేను ఇంటి నుంచి పని చేసినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు, జూన్ నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు, ఇక తలుపు వేసిన దగ్గర్నుంచి ఆగకుండా అరుస్తోందట. కింది ఫ్లాట్ ఆంటీ వాళ్లమ్మాయి నీట్‌కి చదువుతోంది. రెండుసార్లు మర్యాదగానే చెప్పారు, మూడోసారి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అసోసియేషన్ గ్రూపులో కుక్కను ఎవరికైనా ఇచ్చేయమని మెసేజ్ పెట్టారు. తిట్టాను, పేపరు చుట్టి బెదిరించాను కూడా, తలుచుకుంటే బాధేస్తోంది. షాక్ కొట్టే కాలర్ కొనమని ఒకరు అంటున్నారు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
కాలర్ జోలికి పోకండి. అది భయంతో అరుస్తుంటే దానికి నొప్పి కూడా తోడవుతుంది, అంతే. ముందు పాత ఫోన్ ఒకటి హాల్లో పెట్టి వీడియో రికార్డు చేయండి. తలుపు దగ్గరే తిరుగుతూ ఏడుస్తూ గీరుతూ చొంగ కారుస్తుంటే ఒంటరిగా ఉండలేక అరుస్తోందని. బాల్కనీలోకి పరిగెత్తి అరిచి మళ్లీ వచ్చి పడుకుంటుంటే కింద మనుషుల్ని చూసి. రెండింటికీ మందు ఒకటి కాదు. మా లాబ్రడార్‌ది రెండో రకం, బాల్కనీ తలుపు మూసి, అద్దాలకి కింది సగం బయటికి కనిపించని స్టిక్కర్ అంటించాం, చాలావరకు తగ్గిపోయింది.

జవాబు 2
మా బీగిల్‌ది మీ బాధే. బ్యాగు, తాళాలు చేతిలోకి తీసుకోగానే మొదలుపెట్టేది. అందుకని బూట్లు వేసుకుని సోఫాలో కూర్చునేదాన్ని, తాళాలు తీసి మళ్లీ పెట్టేసేదాన్ని, అలా రోజుకు పదిసార్లు, అది పట్టించుకోవడం మానేసేదాకా. తర్వాత బయటికెళ్లి పది సెకన్లలో తిరిగి రావడం, అరనిమిషం, రెండు నిమిషాలు. మధ్యలో అరిస్తే ఎక్కువసేపు వెళ్లామని అర్థం, మర్నాడు తగ్గించాలి. రెండు నెలలు పట్టింది అండీ, ఓపిక కావాలి. ఆ రెండు నెలలూ ఒంటరిగా వదలకుండా మా అత్తయ్య వచ్చి ఉన్నారు, అది లేకపోతే నేర్పింది నేర్పినట్టే పోయేది.

పొద్దున బయట తిప్పేటప్పుడు గొలుసు లాగకుండా నింపాదిగా వాసన చూడనివ్వండి, దాంతోనే సగం అలసిపోతుంది. వెళ్లేటప్పుడు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. ఉల్లిపాయ, కిస్‌మిస్ మాత్రం తగలనివ్వద్దు, కుక్కలకి విషం.

జవాబు 3
ఒకసారి డాక్టరుకి చూపించండి. చెవిలో ఇన్‌ఫెక్షనో ఎక్కడైనా నొప్పో ఉన్నా అరుస్తాయి. భయం మరీ ఎక్కువైతే వాళ్లే మందు రాస్తారు. మనుషుల నిద్రమాత్రలు సొంతంగా వేయొద్దు, దయచేసి.

జవాబు 4
అసోసియేషన్ గురించి భయపడకండి. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అరుస్తోందన్న కారణంతో కుక్కను పెంచుకోవద్దనే హక్కు వాళ్లకి లేదు. కానీ అరుపులు తగ్గించడానికి, ముఖ్యంగా రాత్రిళ్లు, ఓనర్లు ప్రయత్నించాలని కూడా అందులోనే ఉంది. ఆ కాగితం తీసుకెళ్లి ఆంటీ ముందు మాత్రం పెట్టొద్దు. వాళ్ల పాప పరీక్ష చిన్న విషయం కాదు. ఏ టైమ్‌లో చదువుకుంటుందో అడగండి, ఏం ప్రయత్నిస్తున్నారో చెప్పండి.

అడిగినవారు
అందరికీ థాంక్స్. నిన్న వీడియో తీశాను. మొదటి ఇరవై నిమిషాలు తలుపు దగ్గర ఒకటే ఏడుపు, చూడలేకపోయాను. తర్వాత పడుకుంది, కానీ లిఫ్ట్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి అరుస్తోంది, అంటే రెండు రకాలూ ఉన్నట్టే. దాని పరుపు లోపలి గదిలోకి మార్చాను, ఫ్యాన్ వేసి రేడియో పెడుతున్నాను. ఆంటీకి వీడియో చూపిస్తే పాపం దీనికీ కష్టమేనమ్మా అన్నారు, పాప పన్నెండు దాకా చదువుతుందట. రేపటి నుంచి ఆఫీసు రోజుల్లో మినీని మా అక్క వాళ్లింట్లో దింపుతాను, సాయంత్రాలు పది సెకన్ల నుంచి మొదలుపెడతాను.