పాత పెళ్లి దుస్తుల ప్రదర్శన: చరిత్రా, సంపన్నుల సింగారమా?

థేమ్స్‌గట్టు:
2021లో లండన్ కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో డయానా పెళ్లి గౌను చూశాను. 1981లో ఆమె వేసుకున్నదే, వెనక జీరాడే భాగమే 25 అడుగులు. ముచ్చటగానే ఉంది. కానీ ఇలాంటి ప్రదర్శనలు ‘ఆ కాలపు పెళ్లి’ పేరిట ఉన్నవాళ్ల పెళ్లినే చూపిస్తాయి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో సామాన్యుల పిల్ల పెళ్లికి తెల్లగౌను కుట్టించుకోవడం అరుదు. నీలమో గోధుమరంగో, ఉన్నంతలో మంచి గౌను వేసుకునేది. తర్వాత ఆదివారం చర్చికీ అదే. అరిగిపోయేదాకా వాడిన బట్ట మ్యూజియానికి ఎలా చేరుతుంది? మీరేమంటారు?

జరీపెట్టె:
అది మ్యూజియం తప్పెలా అవుతుందండీ? మిగిలినదే కదా చూపిస్తారు! మన అమ్మమ్మల పెళ్లి పట్టుచీరలు ఎన్ని మిగిలాయి? ‘పాత జరీ చీరలు కొంటాం’ అంటూ వీధిలోకి వచ్చినవాళ్లకు అమ్మేశాం. వాళ్లు వాటిని కాల్చి వెండి తీసుకున్నారు. జరీ ఎంత అసలుదైతే చీర అంత తొందరగా పోయింది. అంటే మన దగ్గర ఖరీదైనవే ముందు పోయాయి. మీ సూత్రం ఇక్కడ తిరగబడింది.

సందేహి:
పాత గౌనును ప్రదర్శనలో బొమ్మకు తొడగడం ఎందుకు? ఎలిజబెత్ రాణి 1960లలో వేసుకున్న ఒక గౌను ఆమెదగ్గరే ఉండేది. దాన్నే 2020లో మనవరాలు బియాట్రిస్ తన పెళ్లికి వేసుకుంది. బట్ట అంటే అదీ!

నేతగది:
వేసుకుంది, అందుకోసం దానికి కొత్తగా చేతులు కుట్టించింది. కిందటి తరం కుట్టుకు అది సవరణే.

ప్రదర్శన మాటకొస్తే, పట్టు మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. పైగా 19వ శతాబ్దం చివర్లో పట్టు బరువుగా కనిపించాలని తగరపు లవణాలు పట్టించేవారు. అలాంటి గౌను పెట్టెలో ఉన్నా చీలుతుంది, వేలాడదీస్తే తన బరువుకు తానే చిరుగుతుంది. అందుకే కొన్ని నెలలే పెట్టాలి, అదీ లోపలి కుట్లు కనిపించేలా. నడుము దగ్గర వదులు చేసిన కుట్టూ, చంకల కింది చెమట మరకా కొత్తగా కుట్టిన నకలులో ఉండవు. థేమ్స్‌గట్టు గారు అడిగే మామూలు జీవితం అక్కడే ఉంది.

థేమ్స్‌గట్టు:
లోపలి కుట్లు చూపించిన గది నాకైతే ఎక్కడా తగల్లేదు. పైగా ఖరీదైన గౌను కుట్లు ఎంత చూపించినా అది ఖరీదైన గౌనే. పక్కన ‘ఇలాంటిది కొద్దిమందికే’ అని ఒక్క పలక పెట్టడానికి ఏం కష్టం?

జరీపెట్టె:
పలక సరే, ఒప్పుకుంటాను. మన ఊళ్లో ఎవరైనా ఇలాంటి ప్రదర్శన పెడితే పట్టుచీరలు పక్కన పెట్టి మధుపర్కాలు వెతకమంటాను. తెల్లటి నూలు, రంగు అంచు. కలవారింటా లేనివారింటా పీటల మీద అవే. ఖరీదు లేదు కాబట్టి ఎవరూ దాచలేదు, ఇంట్లో కట్టి చింపేశారు. మీకు కావలసిన సామాన్యుల బట్ట అదేనండీ.

నేతగది:
దొరికితే ముందు నాకు చెప్పండి. అంచులకు రాసిన పసుపు వెలుతురు తగిలితే అన్నిటికంటే తొందరగా వెలిసిపోతుంది.

సందేహి:
అయితే నకలు పెట్టండి.

జరీపెట్టె:
మధుపర్కాలకు నకలేమిటండీ, ఏ బట్టల కొట్లోనైనా కొత్తవే దొరుకుతుంటే!