ఏసీ ప్రెషర్ స్విచ్ విప్పితే గ్యాస్ పోతుందా?

మాది తిరుపతి. 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, ఆర్134ఏ గ్యాస్. పొద్దున ఏసీ చల్లగానే వస్తోంది. మధ్యాహ్నం ఎండలో బండి తీస్తే పది నిమిషాలకు కంప్రెసర్ క్లచ్ వదిలేస్తుంది (అంటే కంప్రెసర్ ఆగిపోతుంది), బ్లోయర్ నుంచి వేడిగాలే.

ఫ్యూజ్ బాగుంది, రిలే మార్చి చూశాను, కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోంది. ఏసీ ఆగినప్పుడు ఇంజిన్ ఆపి గేజ్ పెట్టిస్తే రెండు వైపులా 130 పీఎస్‌ఐ దగ్గర నిలిచింది. గ్యాస్ ప్రెషర్ మరీ తగ్గినా, మరీ పెరిగినా కంప్రెసర్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ కలవడానికి అది చాలు. అయినా రెండు వైర్ల ప్రెషర్ స్విచ్ కనెక్టర్ ఊడదీసి, స్విచ్ పిన్నుల మీదే మల్టీమీటర్ పెడితే ఓపెన్ (లోపల కలవనట్టు) చూపిస్తోంది. చల్లారాక అదే స్విచ్ బీప్ ఇస్తోంది, అంటే కలుస్తోంది. కనెక్టర్ వైర్లు రెండూ ఒక్క నిమిషం కలిపితే క్లచ్ టక్కున పట్టింది. అప్పుడు హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు) ప్రెషర్ 240 పీఎస్‌ఐ దాటలేదు, కాబట్టి ఎక్కువ ప్రెషర్‌కు కట్ అవుతోందని కూడా అనుకోలేను.

మెకానిక్ మాత్రం కంప్రెసరే మార్చాలంటున్నారు. నాకు స్విచ్ మీదే అనుమానం, అది మార్చకుండా అంత ఖర్చుకు మనసు ఒప్పడం లేదు. కొన్ని బండ్లలో స్విచ్ కింద గ్యాస్‌ను ఆపే వాల్వ్ ఉంటుంది, గ్యాస్ తీయకుండానే మార్చొచ్చు. కొన్నింటిలో ఉండదు.

స్విచ్ విప్పకముందే కింద వాల్వ్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?